చేయి తిరిగే దాకా: శ్రీకాళహస్తి కలంకారీ నేర్చుకునేవారికి సమగ్ర మార్గదర్శి

తిరుపతికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న శ్రీకాళహస్తిలో, గుడ్డ మీద బొమ్మలు వేసే కలంకారీ పని అంతా చేతి గీత మీదే నిలబడి ఉంది. మచిలీపట్నం పద్ధతిలో చెక్క అచ్చులు ఉంటాయి కనుక ఒకసారి అచ్చు బాగా కుదిరితే అదే నమూనా ఎన్నిసార్లయినా వస్తుంది. ఇక్కడ మాత్రం వెదురు కలంతో గీసిన ప్రతి గీతా ఆ క్షణానికి ఆ చేతికి ఉన్న పట్టును బట్టే వస్తుంది. ఒక దశలో దాదాపు కనుమరుగయ్యే స్థితికి చేరిన ఈ విద్య, హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడటంతో మళ్ళీ నిలదొక్కుకుంది. ఈ పని చేసే కుటుంబాల్లో పుట్టనివారు కూడా కూర్చుని నేర్చుకునే దారి అలా ఏర్పడింది. ఈ మార్గదర్శి అలాంటివారి కోసమే. ఉద్యోగమో చదువో ఇంటిపనో చూసుకుంటూ, దగ్గరలో ఒక గురువును వెతుక్కుని, ఈ పని మొదలుపెట్టాలనుకునేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మానేసినవారిని అడిగితే చాలామంది తమకు ఓపిక లేదని చెబుతారు. నేను ఆ మాటను పూర్తిగా ఒప్పుకోను. పుట్టుకతో వచ్చే ఓపిక మీద ఆధారపడితే ఈ విద్య ఎవరికీ వచ్చేది కాదు. పనిని ఏ వరుసలో పెట్టుకున్నాం, ఎదురుచూడక తప్పని రోజుల్లో ఏం చేస్తున్నాం, పొరపాటు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి ఏ ఏర్పాటు చేసుకున్నాం అన్న వాటి నుంచే ఓపిక పుడుతుంది. కనుక కింది దశలన్నింటిలోనూ చేతిపనితో పాటు, ఆ పనిలో నిలబడే విధానాన్ని కూడా చెబుతున్నాను.

మొదటి దశ: కాలాన్ని ముందుగా లెక్కవేసుకోవడం

కలంకారీలో కొన్ని ఆలస్యాలు పదార్థాలే కోరతాయి, కొన్ని మనం తెచ్చిపెట్టుకుంటాం. ఈ రెండింటినీ మొదటి రోజే విడదీసి చూడండి. నల్ల గీతకు వాడే కసీం అనే సిరా ఊరడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. గుడ్డ గంజి వదలాలి, ఆరాలి, పాలలో నానాలి, మళ్ళీ ఆరాలి. పటిక పూసిన తరువాత ఆరబెట్టాలి, ఉతకాలి, ఉడికించాలి. వీటిలో దేనినీ తొందరపెట్టలేం. అందుచేత కలం పట్టడానికి ముందే, అసలు గురువు దగ్గర చేరిన వారంలోనే, కసీం కుండ పెట్టేయండి. అది ఊరేలోపు కాగితం మీద గీతలు సాధన చేస్తే ఆ మూడు వారాలు వృథా కావు. కసీం పెట్టడం మరచిపోయి, గుడ్డ సిద్ధమయ్యాక గుర్తుకు తెచ్చుకునేవారు రెండు నెలలు గడిచినా ఏమీ చేయలేకపోయామని నిరుత్సాహపడతారు.

ఋతువును కూడా చూసుకోవాలి. మన ప్రాంతంలో ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వల్ల పడుతుంది. ఆ నెలల్లో పాలలో ముంచిన గుడ్డ సరిగా ఆరక వాసన పట్టే ప్రమాదం ఉంది. గుడ్డ తయారీ, ఉడికించడం వంటి పనులను ఎండ బాగా కాసే నెలలకు ఉంచి, వానాకాలాన్ని బొమ్మల సాధనకు కేటాయించడం మంచిది. స్వర్ణముఖిలో నీరు పారేది కూడా ఎక్కువగా ఆ వానల తరువాతే. పారే నీటిలో గుడ్డ ఉతికి ఇసుక మీద ఆరబెట్టే పని ఏటి నీటిని బట్టే నడుస్తుంది కనుక, పాతతరం పనివారు క్యాలెండరును ఏటి ప్రవాహానికి తగినట్టు అమర్చుకునేవారు.

రెండో దశ: సరంజామా స్వయంగా సిద్ధం చేసుకోవడం

ఇప్పుడు శుద్ధిచేసిన గుడ్డ, వడగట్టిన కసీం దొరుకుతాయి. అయినా మొదటి ఏడాది మీరే తయారు చేసుకోండి. గీత చెడినప్పుడు తప్పు చేతిదా, గుడ్డదా, సిరాదా అని చెప్పగలగాలంటే మూడూ మీ చేతుల మీదుగా వెళ్ళి ఉండాలి. ఈ విచక్షణ లేనివారు ప్రతి వైఫల్యాన్నీ తమ చేతకానితనంగా తీసుకుంటారు, కొంతకాలానికి మనసు విరిగి మానేస్తారు.

గుడ్డ గాడా, అంటే ముతక నూలు బట్ట అయి ఉండాలి, తెల్లబరచనిదై ఉండాలి. ఒక రాత్రంతా నీటిలో నానబెట్టి, గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి ఆరబెట్టాలి. తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, అంతటా ఒకేలా పిండి, మంచి ఎండలో ఆరవేయాలి. పాళ్ళు గురువు చెప్పినట్టే పాటించండి, ఒక్కో చోట ఒక్కో కొలత ఉంటుంది. కరక్కాయలోని వగరు పదార్థం కసీంలోని ఇనుముతో కలిసినప్పుడే నలుపు పుడుతుంది. పాలలోని వెన్న సిరాను పాకనివ్వకుండా ఆపుతుంది. ఆవుపాలకన్నా గేదెపాలలో వెన్న ఎక్కువ కనుక వాటినే ఎంచుకుంటారు. పిండడంలో ఎక్కువతక్కువలు వస్తే గుడ్డ మీద మచ్చలు పడతాయి, ఒకే గీత ఒక చోట సన్నగా, మరో చోట ఊరినట్టుగా వస్తుంది. ఇది తెలిసినవారు గీత పాకినప్పుడు తమ వేళ్ళను నిందించుకోకుండా, గుడ్డ ఆ మూలలో పాలు సరిగా పట్టలేదని గుర్తిస్తారు.

కసీంకు తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం, నీళ్ళు కావాలి. కుండలో వేసి గుడ్డతో వాసెన కట్టి, అప్పుడప్పుడూ కలుపుతూ ఉంచాలి. బెల్లం పులిసి పుట్టే ఆమ్లంలో ఇనుము మెల్లగా కరుగుతుంది. మూడో వారంలో ఒక చుక్క తీసి కరక్కాయ పట్టించిన గుడ్డముక్క మీద వేసి చూడండి. చుక్క చిక్కటి నలుపుగా మారితే వడగట్టుకోవచ్చు, బూడిదరంగులో ఆగిపోతే ఇంకొన్ని రోజులు ఉంచాలి. తొందరపడి పలుచటి కసీంతో గీసి, నలుపు రాలేదని అదే గీత మీద మళ్ళీ మళ్ళీ దిద్దేవారు ఉంటారు. ఆ గీతలో ప్రాణం ఉండదు. కసీం మరీ గాఢంగా ఉన్నా చిక్కే, ఏళ్ళు గడిచేకొద్దీ నల్లగీత ఉన్న చోటే నూలు చివికిపోతుంది.

కలం జానెడు వెదురు పుల్ల. కొనను సన్నగా చెక్కి, దానికి కొంచెం పైన ఉన్నినో మెత్తటి గుడ్డనో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టే సిరాను తాగి నిలవ ఉంచుకుంటుంది, వేళ్ళతో దానిని నొక్కిన కొద్దీ సిరా కొనకు దిగుతుంది. గీతలకు సన్నకొన కలం, రంగు నింపడానికి మొద్దుకొన కలం విడివిడిగా ఉండాలి. మొదటి కలాలు బాగా కుదరవు. కుదిరేదాకా చెక్కుతూ ఉండటం కూడా అభ్యాసంలో భాగమే.

మూడో దశ: నేర్చుకునే వరుసను తిప్పి పెట్టుకోవడం

ఈ మార్గదర్శిలో అన్నింటికన్నా ముఖ్యమని నేను భావించే విషయం ఇది. గుడ్డ తయారయ్యే క్రమంలో ముందు చింతబొగ్గుతో చిత్తుబొమ్మ, తరువాత కసీం గీత, ఆ తరువాత రంగులు వస్తాయి. నేర్చుకునేవారు కూడా ఇదే క్రమంలో వెళ్ళాలనుకుంటారు. అంటే అన్నింటికన్నా కష్టమైన బొమ్మ కల్పనతో మొదలుపెడతారు. శ్రీకాళహస్తి పనిచోట్ల జరిగేది గమనిస్తే సంగతి వేరుగా ఉంటుంది. చిత్తుబొమ్మ, ముఖ్యమైన గీతలు పెద్ద పనివారు వేస్తారు, కొత్తవారు ఉతకడం, ఆరబెట్టడం, నింపడం చేస్తారు. అందులో గొప్ప బోధనాక్రమం దాగి ఉంది. మీరు కూడా చివరి పనితో మొదలుపెట్టి మొదటి పని వైపు నడవండి.

ముందుగా గురువు గీసి ఇచ్చిన హద్దుల్లో మొద్దు కలంతో నింపడం నేర్చుకోండి. హద్దు దాటకుండా, మూలల్లో చుక్క నిలవకుండా, అంతటా ఒకే మందంలో నింపగలిగే నాటికి చుట్టును ఎంత నొక్కితే ఎంత దిగుతుందో వేళ్ళకు తెలిసిపోతుంది. బొమ్మ బాగుండాలన్న బరువు నెత్తిన లేకుండానే కలం స్వభావం పట్టుబడుతుంది. రెండు మూడు నెలలు ఇందులోనే ఉన్నా నష్టం లేదు.

తరువాత గురువు బొగ్గుతో వేసిన చిత్తు మీద కసీం గీత వేయండి. ఇక్కడే ఎక్కువ కాలం గడపాలి. శ్రీకాళహస్తిలో అనుభవమున్న పనివారి పక్కన కూర్చుని చూడండి. కలం ముంచిన ప్రతిసారీ వారు ముందు పక్కనున్న పాత గుడ్డముక్క మీద కొనను ఆనించి, అదనపు చుక్కను వదిలించుకుంటారు, ఆ తరువాతే బొమ్మ మీదికి వస్తారు. గీత మధ్యలో సిరా అయిపోతుందని ముందే పసిగట్టి, నగ పక్కనో చీర మడత దగ్గరో, అతుకు కనపడని చోట ఆగుతారు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఆగిన చోటుకు కొంచెం వెనక నుంచి, కొన తేలికగా ఆనించి, పాత గీతలో కలుపుతారు. కొత్తవారు సరిగ్గా ఆగిన చోటే కలం పెట్టి నొక్కుతారు, అక్కడ చిన్న నల్లటి ముడి పడుతుంది. ఒక బొమ్మలో అలాంటి ముడులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వచ్చే బొమ్మలో వాటిని తగ్గించడం మాత్రమే లక్ష్యంగా పెట్టుకోండి. ఆ వారానికి ముఖం అందంగా వచ్చిందా లేదా అన్నది పట్టించుకోవలసిన పని లేదు.

పట్టుదల గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఒకే తప్పుతో ఒకే బొమ్మను యాభైసార్లు గీయడాన్ని పట్టుదల అనలేం. అలా చేస్తే ఆ తప్పే చేతికి అలవాటై గట్టిపడుతుంది, తరువాత దాన్ని వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం. ఒక్కో వారానికి ఒక్క లోపాన్ని ఎంచుకుని, దాని మీదే కన్ను పెట్టి సాధన చేయాలి. అతుకుల వారం, వంపుల వారం, జంటగీతల మధ్య ఎడం సమంగా ఉంచే వారం, ఇలా విడదీసుకుంటే మెరుగుదల కంటికి కనిపిస్తుంది. కనిపించిన మెరుగుదలే మరునాడు మళ్ళీ కూర్చోబెడుతుంది.

సొంత చిత్తుబొమ్మ అన్నింటికీ చివర రావాలి. అక్కడ కూడా ముందు అంచుల్లోని తీగలు, తామరలు, తరువాత చేతులు, పాదాలు, ఆ తరువాత ముఖం, ఆఖరున నిండు విగ్రహం అన్న వరుస మేలు. ఈ శైలిలో పెద్ద కళ్ళదే ముఖ్యస్థానం కనుక కంటి గీత కోసం ప్రత్యేకంగా ఒక పుస్తకం నింపినా ఎక్కువ కాదు. చింతపుల్లలను కాల్చి చేసుకున్న బొగ్గు గీత దులిపితే పోతుంది. కాబట్టి చిత్తు దశలో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కసీం పడ్డాక మార్చుకోవడానికి వీలుండదు. తొందరపడే స్వభావం ఉన్నవారు చిత్తు పూర్తయిన రోజు కసీం ముట్టకూడదని నియమం పెట్టుకోవాలి. మరునాటి ఉదయపు వెలుతురులో చూస్తే ముందురోజు కనిపించని వంకరలు కనిపిస్తాయి.

సాధన రోజూ ఉండాలి. వారమంతా వదిలేసి ఆదివారం రోజంతా కూర్చోవడం కన్నా, రోజూ ఒక గంట కూర్చోవడం చేతికి ఎక్కువ మేలు చేస్తుంది. కింద కూర్చుని, దుప్పటి పరిచిన పొట్టి బల్ల మీద గుడ్డ పెట్టుకుని, పగటి వెలుతురులో పని చేయండి. నడుము నొప్పి పుట్టినప్పుడు లేచి నాలుగడుగులు నడవండి. ఒంటి నొప్పిని ఓర్చుకోవడానికీ విద్య మీది ఓర్పుకూ సంబంధం లేదు.

నాలుగో దశ: ఆలస్యంగా వచ్చే ఫలితాన్ని పట్టుకోవడం

పాటలో అపశ్రుతి పలికితే చెవికి అప్పుడే తెలుస్తుంది. కలంకారీలో ఈరోజు చేసిన తప్పు వారం తరువాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూస్తారు. అది దాదాపు రంగులేని నీరు, ఆరాక ఎక్కడ పూశారో, ఎక్కడ వదిలేశారో కంటికి సరిగా ఆనదు. ఆ గుడ్డను తరువాత ఉతికి, చిరివేరు, మంజిష్ఠ, సురుడు చెక్క వంటి వాటితో కాచిన రంగునీటిలో ఉడికిస్తారు. పటిక ఉన్న చోట ఎరుపు గట్టిగా పడుతుంది, లేని చోట పైపైన అంటిన రంగు తరువాత పేడనీటిలో నానబెట్టి, ఎండలో నీళ్ళు చిలకరిస్తూ ఉతికే కొద్దీ వదిలిపోతుంది. పూయడంలో వదిలేసిన అంగుళం జాగా ఉడుకు పూర్తయ్యాకే వెలవెలబోయి కనిపిస్తుంది. అప్పటికి ఆ రోజు ఏం చేశారో గుర్తుండదు.

అందుకే ఒక నోటుపుస్తకం తప్పనిసరి. తేదీ, ఎండా మబ్బా, పాలు ఎప్పటివి, కసీం ఎన్ని రోజులు ఊరింది, పటిక ఎంత గాఢంగా కలిపారు, ఎంతసేపు ఉడికించారు అన్నవి రాసుకోవాలి. దానితో పాటు అదే గుడ్డ నుంచి అరచేయంత ముక్క కత్తిరించి, ఒక్కో దశలో ఒక్కో ముక్కను ఆపి, తేదీ వేసి దాచుకోవాలి. ఫలితం వచ్చిన రోజు ఈ ముక్కలను వరుసగా పరిస్తే తప్పు ఏ దశలో దొర్లిందో తెలుస్తుంది. తెలిసిన తప్పును భరించడం తేలిక, కారణం తెలియని తప్పే మనిషిని వెనక్కి లాగుతుంది. చెడిన గుడ్డలను పారేయాలనిపిస్తుంది గానీ, వాటిని కూడా అదే పెట్టెలో ఉంచండి.

పసుపుకు కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క వంటివి, నీలానికి నీలిమందు వాడతారు. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ అవుతుంది. ఎరుపు ఉడుకు రెండు మూడుసార్లు నిలకడగా వచ్చేదాకా వీటి జోలికి వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అన్ని రంగులూ ఒకేసారి మొదలుపెడితే ఏ తప్పు ఎక్కడిదో ఎంత మంచి నోటుపుస్తకం ఉన్నా పట్టుకోలేం.

ఐదో దశ: ముందుకు సాగని నెలలు

ఎంత క్రమంగా చేసినా, కొంతకాలానికి చేయి ఆగిపోయినట్టు అనిపించే దశ వస్తుంది. చాలావరకు చేయి ఆగదు. మంచి పనులు చూసి చూసి కన్ను పదునెక్కడం వల్ల నిన్నటిదాకా బాగున్న గీత ఈరోజు నచ్చదు. దీనిని తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. మొదటి నెలలో వేసిన ఒక చిన్న తీగ అంచును మళ్ళీ వేసి, పాతదాని పక్కన పెట్టి చూడండి. గీతలో తేడా కనిపిస్తే సాధన కొనసాగించవచ్చు. తేడా నిజంగా లేకపోతే సాధన పద్ధతినే మార్చాలి, ఆ నిర్ణయం గురువుతో కలిసి తీసుకోవాలి.

ఇలాంటి నెలల్లో సాధన పూర్తిగా ఆపకుండా, పని స్వరూపం మార్చండి. కొత్త కలాలు చెక్కండి, కసీం కొత్త కుండ పెట్టండి, గుడ్డలు శుద్ధి చేసి ఉంచండి. ఈ పనుల వల్ల చేతికి విశ్రాంతి దొరుకుతుంది, విద్యతో సంబంధం తెగదు. వారం పది రోజులు పూర్తిగా విరామం తీసుకున్నా తప్పు లేదు, కానీ తిరిగి కూర్చునే తేదీని ముందే రాసి పెట్టుకోవాలి.

కలంకారీ ఇళ్ళలో పెరిగిన పిల్లలతో పోల్చుకోవడం ఈ దశలో ఎక్కువ బాధపెడుతుంది. వారు కలం పట్టకముందే ఏళ్ళ తరబడి చూశారు, ఆ చూపు కూడా సాధనే. పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి వంటివారి వెనక ఒక కుటుంబం తరాల పని ఉంది. కొత్తగా వచ్చినవారు ఆ లోటును చూడటంతోనే కొంత పూడ్చుకోవాలి. నెలకొక రోజైనా శ్రీకాళహస్తి వెళ్ళి, పని జరిగే చోట అనుమతి అడిగి, పూటంతా మౌనంగా కూర్చుని గమనించండి. రాహుకేతు పూజకు వచ్చేవారు బజారులో పూర్తయిన గుడ్డలు చూసి వెళ్ళిపోతారు. నేర్చుకునేవారికి మాత్రం సగంలో ఉన్న గుడ్డలే ఎక్కువ చెబుతాయి.

గురువు దగ్గర

తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో కలంకారీ కూడా ఒక పాఠ్యాంశం. శ్రీకాళహస్తిలో ఇంటి దగ్గరే నేర్పేవారు ఉన్నారు. ఎక్కడ చేరినా, బాగుందా అని అడగడం మానుకుని, "ఈ గీతలో ముందు ఏది సరిచేసుకోమంటారు అయ్యా?" అని అడగండి. బాగుందా అన్న ప్రశ్నకు మంచి మనసున్నవారు బాగుందనే అంటారు. రెండో ప్రశ్నకు పని దొరుకుతుంది. గురువు దిద్దిన గీతను చెరపకుండా, దాని కిందే మీరు మళ్ళీ గీయండి. కొన్నిసార్లు ఆయన ఏమీ చెప్పకుండా మీ చేతిలోంచి కలం తీసుకుని గీసి చూపిస్తారు. అప్పుడు గుడ్డ వైపు కన్నా ఆయన మణికట్టు వైపు చూడండి.

ఆరో దశ: మొదటి పూర్తి గుడ్డ

రామాయణమో భాగవతమో వరుస బొమ్మలుగా, కింద తెలుగు పద్యాలతో వేయాలన్న కోరిక అందరికీ ఉంటుంది. మొదటి గుడ్డకు అది తగదు. చేతిరుమాలు కన్నా కొంచెం పెద్ద గుడ్డ తీసుకుని, ఒకే విగ్రహం, ఒకే వరుస అంచు, నలుపు ఎరుపు రెండే రంగులు పెట్టుకోండి. శ్రీకాళహస్తి స్థలపురాణంలోని సాలీడు, పాము, ఏనుగు ఇందుకు బాగా సరిపోతాయి. సాలెగూటిలో సన్నగీతలు, పాములో వంపు, ఏనుగులో నింపుడు పని వస్తాయి కాబట్టి మూడు నైపుణ్యాలకూ పరీక్ష జరుగుతుంది. మూడింటినీ ఒకే గుడ్డ మీద వేయకుండా విడివిడిగా వేయండి.

పని మధ్యలో గీత చెడితే గుడ్డను పక్కన పడేయకుండా చివరిదాకా తీసుకువెళ్ళండి. సగంలో వదిలేసే అలవాటు పడినవారికి ఉడుకు, ఉతుకు, ఎండ దశల అనుభవం ఎప్పటికీ రాదు, ఎప్పుడూ గీత దగ్గరే తిరుగుతూ ఉంటారు. చెడిన గీతతోనే పూర్తయిన గుడ్డ, మధ్యలో ఆగిన అందమైన గుడ్డకన్నా నేర్చుకునేవారికి ఎక్కువ విలువైనది.

పూర్తయ్యాక చల్లటి నీటిలో ఉతికి, నీడలో ఆరబెట్టి, వెనకవైపు మూలలో తేదీ వేయండి. అమ్మకానికి పెట్టకండి, కానుకగా కూడా ఇవ్వకండి. రెండు వారాల తరువాత అదే బొమ్మను, అదే కొలతలో, నోటుపుస్తకం పక్కన పెట్టుకుని రెండోసారి మొదలుపెట్టండి. దానికి కావలసిన కసీం ఈలోపే కుండలో ఊరుతూ ఉండాలి.